తీపితో పేచీ వద్దు: అశోక్‌నగర్ గదులకు కొన్ని తలకిందుల సలహాలు

సాయంత్రం నాలుగు దాటాక హైదరాబాద్‌లో అశోక్‌నగర్ పక్కనే ఉన్న చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టుపక్కల చాయ్ బండ్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. సర్కారు ఉద్యోగ పరీక్షల కోసం పొద్దున్నుంచి పాలిటీ, ఎకానమీ చదివి కళ్లు లాగేసిన పిల్లలు గుంపులుగా వస్తారు. ఒక చేతిలో చాయ్, ఇంకో చేతిలో ఉస్మానియా బిస్కెట్లో, క్రీమ్ బన్నో, చాక్లెట్టో. ఆకలేసి తింటున్నారా అని అడిగితే, ఆకలేం లేదు, నోట్లో ఏదన్నా తియ్యగా పడాలనిపిస్తోందంటారు. రాత్రి పదకొండింటికి అదే కోరిక మళ్లీ లేస్తుంది. తెల్లారాక, నాకు కంట్రోల్ లేదని ఎవరికి వారే తిట్టుకుంటారు.

ఆ తిట్టుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లకు కొరవడింది కంట్రోల్ కాదు. పొద్దున టిఫిన్ సరిగ్గా పడలేదు. మధ్యాహ్నం కంచంలో పప్పు గరిటెడు కూడా లేదు. రాత్రి నిద్ర చాలలేదు. రోజంతా కుర్చీలోంచి కదల్లేదు. ఈ లోట్లన్నీ కలిసి సాయంత్రానికి తీపిని అడుగుతాయి. ఇంత చిన్న సంగతి ఒప్పుకుంటే చాలు, మనం రోజూ వినే సలహాలు చాలావరకు తిరగబడిపోతాయి. కింద రాసినవి తలకిందులుగా కనిపించేది అందుకే. ఇంట్లో పెద్దవాళ్లు చదివినా, జిమ్‌కి వెళ్లే రూమ్మేట్ చదివినా "ఇదేం సలహా" అనే అంటారు. నేను మాత్రం ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను.

తిండి తగ్గించకండి, పెంచండి

స్వీట్లు ఎక్కువైపోయాయని అనిపించగానే అందరూ చేసే మొదటి పని ఒక పూట మానేయడం. హాస్టళ్లలో ఇది మరీ సులువు. రాత్రి రెండింటికి పడుకున్నవాడు లేచేసరికి టిఫిన్ గిన్నెలు కడిగేసి ఉంటాయి. ఎలాగూ మధ్యాహ్నం భోజనం ఉంది కదా అని ఒక చాయ్ తాగి చదువుకు కూర్చుంటాడు. డబ్బులు మిగిలాయి, ఒళ్లు కూడా తగ్గుతుందని సంతోషపడతాడు. ఆ రోజు సాయంత్రం రెండు క్రీమ్ బన్నులు తింటాడు.

ఆకలితో ఉన్న మనిషి తిండి గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేడనడానికి పాత సాక్ష్యమే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులను తీసుకుని, దాదాపు ఆరు నెలలు వాళ్లు మామూలుగా తినేదాంట్లో సగమే పెట్టి చూశాడు. తిండి యావ అంతకుముందు లేనివాళ్లు కూడా వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. కలల్లో తిండే, మాటల్లో తిండే. వాళ్లు మనసు బలహీనమైన మనుషులేం కారు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని అంతరాత్మ సాక్షిగా నిలబడ్డవాళ్లు. అలాంటి వాళ్ల పట్టుదలే ఆకలి ముందు నిలవలేదు. ఉదయం చాయ్ మీద బతికే పిల్లవాణ్ని సాయంత్రం బేకరీ దాటి నడవమనడం ఎంత అన్యాయం?

కాబట్టి పొద్దున తినండి. కడుపు నిండా తినండి. ఏం తింటున్నారన్నది కూడా ముఖ్యమే. హాస్టల్ టిఫిన్ అంటే వారంలో సగం రోజులు ఉప్మా, మిగతా రోజులు ఇడ్లీయో పూరీయో. ఉప్మా ఒక్కటే తింటే పదకొండుకల్లా నీరసం వస్తుంది. రవ్వ తొందరగా అరిగి రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో కొందరిలో అంత వేగంగా కిందికి జార్చేస్తుంది. తిన్న రెండు మూడు గంటలకు చక్కెర అలా బాగా జారిపోయేవాళ్లకు మిగతావాళ్ల కంటే ముందే ఆకలేస్తుందనీ, రోజు మొత్తం మీద వాళ్లే ఎక్కువ తింటున్నారనీ 2021లో వెయ్యిమందికి పైగా మనుషుల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. పదకొండింటికి మిమ్మల్ని చాయ్ బండి వైపు లాగేది చాలాసార్లు ఆ జారుడే.

అందుకని ఆ ఉప్మా పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెట్టుకోండి. గుడ్డు తినకపోతే గుప్పెడు వేయించిన పల్లీలు. ఇడ్లీ అయితే చట్నీ నీళ్లలా ఉందని వదిలేయకుండా సాంబారు రెండుసార్లు పోయించుకోండి. అడుగున ఉన్న పప్పు పైకి వచ్చేలా గరిటె తిప్పి పొయ్యమని అడగడానికి మొహమాటపడకండి.

మధ్యాహ్నం కంచం కూడా ఒకసారి దగ్గరగా చూద్దాం. నడుమ కొండంత తెల్లన్నం. దాని మీద నూనె తేలే పలచటి పప్పు. ఓ మూల ఆలుగడ్డ కూర, అదీ పిండిపదార్థమే. పక్కన పచ్చడి, చిన్న గిన్నెలో పెరుగనే పేరు మీద మజ్జిగ. ఈ కంచంలో నుంచి వచ్చే శక్తి దాదాపు అంతా బియ్యం నుంచే. మన విద్యానగర్ నుంచి ఉస్మానియా యూనివర్సిటీ దాటితే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా మొదలుపెట్టిన ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దేశమంతా తినాల్సిన కంచాన్ని లెక్కగట్టే సంస్థ మన పొరుగునే ఉంది, మన మెస్ కంచాలు మాత్రం ఇలా ఉన్నాయి. ఆ సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మనకు కావాల్సిన శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని ఉంది. దేశంలో చాలామంది తిండిలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉందని కూడా అక్కడే చెప్పారు. రోజుకు 2000 కిలోకాలరీల కంచానికి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 35 గ్రాముల గింజలు అని కొలతలిచ్చారు. ఇందులో 85 గ్రాముల పప్పు అన్న అంకె ఒక్కటి గోడ మీద రాసిపెట్టుకోండి. మెస్ పప్పులో దానికి సగం కూడా పడదు.

మెస్ మారడం మన చేతిలో ఉండదు. గదిలో ఏం పెట్టుకోవాలన్నది మన చేతిలో ఉంటుంది. పుట్నాలు, పల్లీలు, ఒక పెరుగు ప్యాకెట్, అరటిపళ్లు. రాత్రి నానబెట్టిన శనగలు కెటిల్‌లో సరిగ్గా ఉడకవు, కానీ పెసలు నానబెట్టి మొలకెత్తిస్తే ఉల్లిపాయ, నిమ్మకాయ పిండి అలాగే తినేయవచ్చు. పచ్చివి కడుపులో పడనివాళ్లు వేడినీళ్లలో కాసేపు ఉంచి తినండి. వీటికయ్యే ఖర్చు సాయంత్రం బేకరీలో పెట్టేదాని కంటే ఎక్కువ కాదు.

ఒట్లు పెట్టుకోకండి

"ఎగ్జామ్ అయ్యేదాకా స్వీట్ ముట్టను" అనే ఒట్టు అశోక్‌నగర్ గదుల్లో చాలా మామూలు. ఈ ఒట్టును నేను గట్టిగా వద్దంటాను. మొదటి సంగతి, ఎగ్జామ్ ఎప్పుడవుతుందో ఎవరికి తెలుసు? తెలంగాణ గ్రూప్-1నే తీసుకోండి. 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకుతో 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు, అదీ నిలవలేదు. 2024 జూన్ 9న మూడోసారి రాశారు, మెయిన్స్ ఆ ఏడాది అక్టోబర్ చివర్లో జరిగింది. పరీక్షతో ముడిపెట్టిన ఒట్టు అన్నాళ్లు మోయాలంటే ఎవరివల్లా కాదు. పరీక్ష రద్దయిన రోజు రాత్రి ఒట్టూ పోతుంది, దాంతో పాటు అరకిలో స్వీటూ లోపలికి పోతుంది. ఆ రాత్రి అలా తిన్నవాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

రెండో సంగతి మనసు తీరు. ఫలానాది తలుచుకోవద్దు అని గట్టిగా అనుకుంటే అదే తలపుకొస్తుంది. అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని చెప్పి చేసిన ప్రయోగం ఈ విషయంలో పేరుమోసింది. ఆ తర్వాత చాక్లెట్‌తో కూడా ఇలాగే చేసి చూశారు. చాక్లెట్ గురించిన ఆలోచనలు అణచుకోమన్నవాళ్లు, తర్వాత ఎదురుగా పెట్టినప్పుడు మిగతావాళ్ల కంటే ఎక్కువ తిన్నారు.

కాబట్టి మానేస్తాననకండి. ఎప్పుడు, ఎంత తింటారో ముందే అనుకోండి. ఆదివారం మధ్యాహ్నం భోజనంలో ఒక గులాబ్ జామూన్ అనుకుంటే అది తప్పు కాదు, అది మీ తిండిలో భాగం. గురువారం సాయంత్రం కోరిక వస్తే, ఆదివారం ఎలాగూ ఉంది కదా అని మనసుకు చెప్పుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఎప్పటికీ లేదు అన్న మాట కంటే మూడు రోజులాగు అన్న మాటను మనసు సులువుగా వింటుంది.

స్వీటు అన్నంలోనే తినండి

కడుపు నిండాక స్వీటు తినకూడదు, విడిగా సాయంత్రం తిను, అప్పుడైతే అరుగుతుందని కొందరు చెబుతారు. నేను సరిగ్గా దీనికి ఎదురు చెబుతాను. తీపిని ఒంటరిగా తినకండి. భోజనంలోనే తినండి, కూర, పప్పు, పెరుగు కడుపులోకి వెళ్లాక.

మన పెళ్లి భోజనం గుర్తు చేసుకోండి. ఆకులో బూరె, పూర్ణం, పరమాన్నం వడ్డిస్తారు. వాటితో పాటే ముద్దపప్పు, నెయ్యి, కూరలు, పులుసు, పెరుగు. తీపి అక్కడ పదార్థాల మధ్య ఒకటి. ఇంత తిన్నాక మూడో బూరె తినడం కష్టం. నాలుగింటికి ఖాళీ కడుపుతో బేకరీ ముందు నిలబడితే మాత్రం మూడు పేస్ట్రీలు తినడం కష్టమే కాదు. తీపిని భోజనంలోంచి తీసి చాయ్ పక్కన పెట్టింది మన తరాలే.

తినే వరస వల్ల రక్తంలో చక్కెర ఎంత తేడా పడుతుందో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో అల్పనా శుక్లా బృందం 2015లో చూపించింది. టైప్-2 డయాబెటిస్ ఉన్న 11 మందికి అదే భోజనం రెండు రకాలుగా పెట్టారు. ఒకరోజు ముందు బ్రెడ్డు, జ్యూసు, తర్వాత కూరగాయలు, కోడిమాంసం. ఇంకోరోజు ముందు కూరగాయలు, మాంసం, తర్వాత బ్రెడ్డు, జ్యూసు. రెండో వరసలో తిన్నప్పుడు గంట తర్వాత చూస్తే చక్కెర 37 శాతం తక్కువగా ఉంది. పదార్థం మారలేదు, వరసే మారింది. చిన్న అధ్యయనమే, కానీ మన కంచానికి వెంటనే పనికొస్తుంది. మెస్‌లో కూర, పప్పు ముందు నాలుగు ముద్దలు తినండి, అన్నం తర్వాత కలుపుకోండి. స్వీటు ఉన్నరోజు అది చివర్లో.

డయాబెటిస్ ఉన్నవాళ్లు స్వీటు ఎంత తినవచ్చో మాత్రం డాక్టరును అడిగే తినండి. వరస మార్చినంత మాత్రాన లడ్డూ కూరగాయ కాదు.

బెల్లం చాయ్‌కి మారకండి

నారాయణగూడ నుంచి విద్యానగర్ దాకా ఈమధ్య ఎక్కడ చూసినా బెల్లం చాయ్ బోర్డులే. చక్కెర విషం, బెల్లం అమృతం అని నమ్మి రోజుకు రెండు చాయ్‌లు తాగేవాళ్లు నాలుగుకు పెంచారు. మన పోషకాహార సంస్థ పట్టికల్లోనే చూడండి. 100 గ్రాముల చక్కెరలో 398 కిలోకాలరీలు, 100 గ్రాముల బెల్లంలో 383. తేడా పదిహేను. బెల్లంలో ఇనుము, ఖనిజాలు కొంచెం ఉన్న మాట నిజమే. చాయ్‌లో వేసే చెంచాడు బెల్లంతో ఒంటికి పట్టే ఇనుము లెక్కలోకి రాదు, పైగా చాయ్ ఉన్న ఇనుమును కూడా సరిగ్గా ఒంటబట్టనీయదు. తేనె అంతే, ఖర్జూరం సిరప్ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర మీద మార్గదర్శకం ఇచ్చినప్పుడు తేనెను, పండ్లరసాన్ని కూడా ఆ లెక్కలోనే కలిపింది. రోజు మొత్తం శక్తిలో వీటన్నిటి వాటా పది శాతం లోపుండాలి, అయిదు శాతం లోపైతే ఇంకా మంచిదంది. పెద్ద మనిషికి అయిదు శాతమంటే సుమారు 25 గ్రాములు, అయిదారు చెంచాలు.

చక్కెర బదులు వాడే తియ్యటి మాత్రల సంగతి కూడా చెప్పాలి. బరువు తగ్గడం కోసం వాటి మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2023లో చెప్పింది. అప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్లకు ఆ సూచన వర్తించదని కూడా చెప్పింది. నా అభ్యంతరం ఇంకొకటి. మాత్ర వేసిన చాయ్ కూడా అంతే తియ్యగా ఉంటుంది, నాలుక ఆ తీపికే అలవాటుగా ఉండిపోతుంది. నాలుకను కొత్త అలవాటుకు తేవాలి, దానికి తోవ వేరే ఉంది.

చాయ్ మానకండి

చాయ్ మానడం మీవల్ల కాదు, అక్కర్లేదు కూడా. చదువుకునే పిల్లలకు ఆ పది నిమిషాలు బండి దగ్గర నలుగురితో నిలబడి మాట్లాడుకోవడం చాలా అవసరం. చక్కెర లెక్క మాత్రం చూసుకోండి. గ్లాసుకు రెండు చెంచాలు అనుకుంటే దగ్గర దగ్గర పది గ్రాములు. నాలుగు చాయ్‌లకు నలభై గ్రాములు. స్వీటు ఒక్కటీ తినకుండానే 25 గ్రాముల హద్దు ఎప్పుడో దాటిపోయింది. మీద ఒక 300 మిల్లీలీటర్ల కోలా సీసా తాగితే ఇంకో ముప్పై గ్రాములకు పైనే.

బండి దగ్గర ఒక చిక్కుంది. చాలాచోట్ల పాలూ, పొడీ, చక్కెరా ఒకే గిన్నెలో మరుగుతుంటాయి. "అన్నా, చక్కెర తక్కువేయి" అంటే ఆయన చేయగలిగిందేమీ ఉండదు. అందుకని డికాక్షన్ విడిగా, పాలు విడిగా పెట్టి గ్లాసులోనే చక్కెర కలిపే చోటు ఒకటి వెతుక్కోండి. రెండు చెంచాల నుంచి ఒకటిన్నరకు దిగండి. అక్కడ రెండు మూడు వారాలుండండి. తర్వాత ఒకటి. ఒకేసారి మానేస్తే మూడోరోజుకే మళ్లీ పాత గ్లాసు దగ్గరికి వస్తారు. తీపి తగ్గించి తిన్నవాళ్లకు రెండు మూడు నెలలు గడిచేసరికి, మునుపు మామూలుగా అనిపించిన తీపే ఎక్కువగా అనిపించడం మొదలవుతుందని 2016లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగం చెబుతోంది. ఆ రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. తర్వాత పాత చాయ్ మీకే మరీ తియ్యగా అనిపించవచ్చు.

పుస్తకం మూసేయండి

ఈ సలహా ఇస్తే అశోక్‌నగర్‌లో నా మాట ఎవరూ వినరని తెలుసు. రాత్రంతా తెరిచి ఉంచే రీడింగ్ హాళ్లు ఇక్కడ వీధివీధినా ఉన్నాయి. పక్క కుర్చీలో ఒకడు ఒంటిగంటకు కూడా చదువుతుంటే మనం లేచి వెళ్లడం నేరం చేసినట్టు ఉంటుంది. అయినా చెబుతాను, ఎందుకంటే తీపి కోరిక విషయంలో నిద్ర కంటే పెద్ద మందు నాకు కనబడలేదు.

షికాగో విశ్వవిద్యాలయంలో కరీన్ స్పీగెల్, ఈవ్ వాన్ కాటర్ బృందం 2004లో ప్రచురించిన ప్రయోగం ఇది. ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. మరోసారి రెండు రాత్రులు పదేసి గంటలు పడక మీద ఉండనిచ్చారు. నిద్ర తగ్గినప్పుడు ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. ఆకలి 24 శాతం పెరిగిందని వాళ్లే చెప్పారు. ఏం తినాలనిపిస్తోందంటే ముఖ్యంగా స్వీట్లు, చిప్స్‌లాంటి ఉప్పటివి, అన్నం బ్రెడ్డులాంటి పిండిపదార్థాలు. ఆ యువకుల వయసు సుమారుగా మన రీడింగ్ హాళ్లలో కూర్చున్న పిల్లల వయసే. అక్కడ రెండు రాత్రులకే ఇంత తేడా వచ్చింది. మన దగ్గర నోటిఫికేషన్ వచ్చిన దగ్గర్నుంచి పరీక్ష దాకా నెలల తరబడి ఇదే నడుస్తుంది.

రాత్రి పదకొండింటికి తీపి తినాలనిపిస్తే అది చాలాసార్లు ఒళ్లు నిద్ర అడగడమే. చాక్లెట్ తిని మరో గంట చదివితే ఆ గంటలో చదివిందేదీ తలకెక్కదు. చదివింది మెదడులో నిలవడానికి కూడా నిద్రే కావాలి. ఎవరైనా సరే, ఏడు గంటలు పడుకోండి. పరీక్ష నెలలోనూ పడుకోండి. పక్కవాడు చదువుతున్నాడని మీరు మేలుకొని ఉండకండి. అతను కూడా మీరు చదువుతున్నారనే మేలుకొని ఉండొచ్చు. ఇద్దరూ కలిసే లేచి వెళ్లండి.

కోరికతో వాదించకండి, లేచి నడవండి

ఇది చిన్న సలహా. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ టేలర్ బృందం రోజూ చాక్లెట్ తినేవాళ్లను పదిహేను నిమిషాలు చురుగ్గా నడిపించి, తర్వాత వాళ్ల పనిబల్ల దగ్గర చాక్లెట్లు పెట్టింది. నడిచి వచ్చినవాళ్లు, కూర్చునే ఉన్నవాళ్లు తిన్నదాంట్లో దాదాపు సగమే తిన్నారు. అశోక్‌నగర్‌లో ఉంటే ఇందిరా పార్కు, విద్యానగర్ వైపైతే బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య పార్కు. బేకరీ లేని వీధిలో నుంచి వెళ్లండి. ఫోనులో క్లాసు వింటూ నడిచినా ఫరవాలేదు.

ఇంటి డబ్బా దాచుకోకండి

పండగకు ఊరెళ్లి వచ్చేటప్పుడు అమ్మ పెట్టిచ్చే డబ్బా ఉంటుంది. సంక్రాంతికి అరిసెలు, నువ్వుల ముద్దలు. బతుకమ్మకు మలీద ముద్దలు. కోస్తా నుంచి వచ్చిన పిల్లలకు సున్నుండలు. ఇవి నెలంతా రావాలి, రోజుకొకటే తింటాను అని మంచం కింద దాచుకుంటారు. ఆ డబ్బా మంచం కింద ఉన్నన్నాళ్లూ చదువు మీద సగమే ధ్యాస ఉంటుంది. ఇంటి మీద బెంగ వచ్చిన ప్రతిసారీ చెయ్యి దానిలోకే వెళుతుంది.

వచ్చిన రోజే మూత తీసి గదిలో అందరికీ పెట్టండి. పక్క గదివాళ్లను కూడా పిలవండి. మీ వాటాగా నాలుగు ఉంచుకుని భోజనంతో పాటు తినండి. సున్నుండలో మినుములూ నెయ్యీ ఉన్నాయి, నువ్వుల ముద్దలో నువ్వులున్నాయి. బేకరీ పేస్ట్రీ కంటే అవి ఎంతో మేలు, ఒకటి తింటే కడుపులో నిలుస్తుంది. బెంగ వచ్చినప్పుడు డబ్బాకు బదులు ఇంటికి ఫోను చేయండి. పరీక్ష ఎప్పుడు, ఉద్యోగం ఎప్పుడు అని అడుగుతారేమోనన్న భయంతో ఎంతమంది పిల్లలు ఫోను మానేసి ఒంటరిగా తింటున్నారో తల్లిదండ్రులకు తెలియదు. ఇది చదివే తల్లిదండ్రులుంటే వాళ్లకు నా మనవి. ఈసారి ఫోనులో రిజల్టు సంగతి ఎత్తకుండా, పొద్దున టిఫిన్ ఏం తిన్నావని అడగండి.

పెద్దవాళ్ల విషయంలో, అవసరమైతే వెంటనే చక్కెర పెట్టండి

విద్యానగర్, నల్లకుంట పాత ఇళ్లలో పిల్లలు విదేశాలకు వెళ్లిపోయి పెద్దవాళ్లే మిగిలిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో తీపి గురించి సలహాలన్నీ ఒకటే, ముట్టొద్దు అని. దేశంలో 10 కోట్ల మందికి పైగా డయాబెటిస్‌తో, 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది. అందుకని ఆ జాగ్రత్త తప్పు కాదు. కానీ రెండు సందర్భాల్లో ఈ 'ముట్టొద్దు'తో సరిపెట్టడం ప్రమాదం తెస్తుంది.

ఒకటి, తీపి మీద కోరికతో పాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, తింటున్నా బరువు తగ్గడం ఉంటే అది తిండి అలవాటు సమస్య కాదు. వెంటనే రక్తపరీక్ష చేయించండి. చిన్న వయసువాళ్లయినా సరే. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ప్రభుత్వ సంస్థే, అక్కడ పరీక్షలు చేస్తారు.

రెండోది ఇంకా తొందర పడాల్సిన విషయం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు భోజనం ఆలస్యమైతే ఉన్నట్టుండి చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, మాట తడబడడం వస్తాయి. తియ్యటిదేదన్నా కావాలని అడుగుతారు. ఆ అడగడాన్ని చపలత్వం అనుకుని కోప్పడిన ఇళ్లు ఉన్నాయి. అది రక్తంలో చక్కెర పడిపోయిన గుర్తు, మీటరులో 70 కంటే తగ్గితే ప్రమాదమే. మీటరు కోసం వెతుకుతూ కూర్చోకుండా మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించండి. చక్కెర కూడా పనికొస్తుంది కానీ, వోగ్లిబోస్ లేదా అకార్బోస్ మాత్ర వేసుకునేవాళ్లలో చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకే ఇంట్లో గ్లూకోజ్ ప్యాకెట్ ఒకటి కనబడేచోట ఉంచండి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి, ఆ లక్షణాలు తగ్గకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోను చేయండి. తేరుకున్నాక అన్నం పెట్టండి. ఆ రోజే డాక్టరుకు చెప్పి, మందు మోతాదు తగ్గించాలేమో అడగండి.